ఏథెన్స్ కుండల నలుపు ఎక్కడిది?

క్రీస్తుపూర్వం 6, 5 శతాబ్దాల ఏథెన్స్ కుండల మీద ప్రధానంగా కనిపించేవి రెండే రంగులు: ఎరుపు, నలుపు. ఆ నలుపుకు ఒక మెరుగు ఉంటుంది. ఇన్ని వందల ఏళ్లు సమాధుల్లో పడి ఉన్నా అది చాలావరకు చెక్కుచెదరలేదు. అది చేసే విద్య మాత్రం మరుగునపడింది.

ఇంగ్లండులో జోసయా వెడ్జ్‌వుడ్ 1769లో ఈ తరహా బొమ్మలు వేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఈ కుండలు ఇటలీలో ఎక్కువగా దొరకడంతో అవి అక్కడివేనన్న నమ్మకం ఉన్న కాలం అది. తన కార్ఖానాకు అక్కడి ప్రాచీన ప్రాంతమైన ఎట్రూరియా పేరు కూడా పెట్టుకున్నాడు. అతను చేసింది నల్లకుండ మీద ఎర్రరంగు వేయడం. అసలు పని అందుకు తలకిందులు. గ్రీకు కుండ మీద ఎరుపు కుండ ఒంటిది, పూసింది నలుపును.

మరి ఆ పూత ఏమిటి? అది ఇనుమున్న మట్టేనని 1752లోనే ఫ్రాన్సులో కేలస్ ఊహించాడు. తర్వాతి పరీక్షల్లో కుండ మట్టిలోనూ పూతలోనూ దాదాపు ఒకే సరుకు తేలింది. ఒకే మన్ను, ఒకే ఆవం. అయినా ఒకచోట ఎరుపు, పక్కనే నలుపు!

అమెరికా స్టూడియో కుమ్మరానికి ఆద్యుడిగా చెప్పే చార్లెస్ బిన్స్, ఫ్రేజర్ అనే సహరచయితతో కలిసి 1929లో దీని మీద రాశాడు. గాలి అందని మంటలో ఇనుము నల్లబడుతుంది. మన పల్లెల్లో నల్లకుండలు చేసేవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు, ఆవం మూసేసి పొగ పట్టిస్తారు. కానీ అలా చేస్తే కుండంతా నల్లబడాలి కదా? అసలు ముడి ఇక్కడే ఉంది.

దాన్ని విప్పే ఆధారాలు పాత పెంకుల్లోనే ఉన్నాయి. పాత పెంకును గాలి తగిలేలా మళ్లీ కాల్చి, వేడిని వెయ్యి డిగ్రీలు బాగా దాటిస్తే నలుపు ఎర్రబడుతుంది. అంతకు చాలా తక్కువ వేడిలో నలుపు నిలబడుతుంది. అంటే ఆ నల్లపొర ఒక హద్దు వరకు గాలిని లోపలికి రానివ్వదు. పైగా, చెయ్యి పెట్టి తీసే వీల్లేని మండుతున్న ఆవంలోంచి కొక్కెంతో లాగి చూసుకోవడానికి చిల్లి పెట్టిన పరీక్ష ముక్కలు కూడా దొరికాయి. మంటను మధ్యలో మార్చే పనే లేకపోతే మధ్యలో తీసి చూడాల్సిన అవసరమేముంది? కొరింథు దగ్గర పెంతెస్కూఫియాలో దొరికిన మట్టి పలకల మీదా ఆవం బొమ్మలున్నాయి. మంట ఎగదోసేవాడూ, ఆవం పైకెక్కినవాడూ కనిపిస్తారు.

1942లో జర్మన్ రసాయనవేత్త థియోడర్ షూమన్ ముడి విప్పాడు. మట్టిని క్షారం కలిపిన నీళ్లలో కలిపి, మడ్డి దిగాక పైన తేలే అతి సన్నటి తేటను మాత్రమే పూతగా వాడాడు. తర్వాత అమెరికాలో జోసెఫ్ నోబుల్ ఈ పద్ధతినే కాల్చి చూపించాడు. మొదట గాలి ఆడనిస్తూ సుమారు 800 డిగ్రీలకు తెస్తే అంతా ఎరుపు. తర్వాత గాలి మూసి, పచ్చికట్టెలు వేసి 950 దాకా తీసుకెళితే అంతా నలుపు. చల్లారేటప్పుడు మళ్లీ గాలి వదిలితే, గుల్లగా ఉన్న కుండ ఒళ్లు గాలి పీల్చి ఎర్రబడుతుంది. సన్నపూత మాత్రం అప్పటికే కరిగి గాజులా మూసుకుపోయి ఉంటుంది. లోపలి ఇనుముకు గాలి అందదు, నలుపు అలాగే మిగులుతుంది.

దాదాపు రెండు వందల ఏళ్లు చాలామంది రంగు కోసం వెతికారు. అది మంట వేసే వరసలో దాగుందని ఆవం దగ్గర పనిచేసేవాడికి తట్టినంత సులభంగా అద్దాల బీరువా ముందు నిలబడ్డవాడికి తట్టదు. ఎప్పుడైనా గ్రీకు కుండల ముందు నిలబడితే నల్ల గిన్నెల లోపలి అడుగు చూడండి. కొన్నింటిలో ఎర్రటి గుండ్రని మచ్చ కనిపిస్తుంది. ఆవంలో దానిమీద మరో గిన్నె పేర్చిన చోటు అది.