గాయపాకు చెప్పే చరిత్ర

పోడులో కత్తి తగిలి చేయి తెగితే మన పెద్దలు ముందు వెతికేది గాయపాకు. గడ్డి చామంతి అన్నా అదే. ఆకు నలిపి పసరు గాయం మీద పిండేవారు. చిన్నప్పుడు మేము ఆ ఆకుతోనే పలకలు తుడిచాం.

ఈ మొక్క మన అడవిలో పుట్టింది కాదు. దాని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా. సముద్రం దాటి వచ్చిన కొత్త మొక్కను మన పెద్దలు గమనించారు, వాడి చూశారు, పనికొస్తుందని నిలుపుకున్నారు. అది కూడా పరీక్షే.

ప్రయోగశాల పరీక్ష వెనుకా ఒక వంటిల్లు ఉంది. 1881లో జర్మనీలో ఫానీ హెస్సే అనే ఆమె, తాను వంటలో వాడే అగారు మీద బ్యాక్టీరియాను పెంచవచ్చని భర్తకు సూచించారు. 1887లో పెట్రి మూత ఉన్న పళ్ళెం తెచ్చారు. 1928లో ఫ్లెమింగ్ అలాంటి పళ్ళెంలోనే బూజు చుట్టూ బ్యాక్టీరియా నశించడం చూశారు. పెన్సిలిన్‌కు దారి అదే.

ఇప్పుడు కాలేజీ ల్యాబుల్లో ఆకును నీడలో ఆరబెట్టి, పొడి చేసి, నీటిలోనో ఆల్కహాల్‌లోనో నానబెట్టి వడకడతారు. ఆ సారంలో ముంచిన కాగితపు బిళ్ళను బ్యాక్టీరియా పరిచిన అగారు మీద పెట్టి, 37 డిగ్రీల వేడిలో ఒక రాత్రి ఉంచుతారు. బిళ్ళ చుట్టూ ఖాళీ వలయం వస్తే మిల్లీమీటర్లలో కొలుస్తారు. పక్కన ఉత్త ఆల్కహాల్ బిళ్ళ కూడా ఉండాలి. లేకపోతే పనిచేసింది ఆకో, ఆల్కహాలో తెలియదు.

వలయం వచ్చినంత మాత్రాన మందు దొరికినట్టు కాదు. ఒంటికి హాని లేదని వేరేగా తేలాలి. మా హాస్టల్లో ఒక పాప చీము పట్టిన కాలికి పసరు రాసుకుని మూడు రోజులు దాచింది. జ్వరం వచ్చాక ఆసుపత్రికి తీసుకెళ్లాం. చీము, జ్వరం కనబడితే దాచకండి.

ఇంకో సంగతి. 1987లో కేరళ అగస్త్య కొండల్లో శాస్త్రవేత్తలకు దారి చూపిన కాణి గిరిజనులు, అలసట తీర్చే ఒక మొక్కను వారికి తెలిపారు. దాన్నుంచి ‘జీవని’ అనే మందు తయారైంది. దాని మీద వచ్చే సొమ్ములో సగం కాణిలకు ఇవ్వాలని నిర్ణయించారు. 2002 జీవవైవిధ్య చట్టం అలాంటి పంపకానికి చోటిచ్చింది. అయితే ఎవరు చెప్పారో రాసి ఉంటేనే ఎవరికి ఇవ్వాలో తెలుస్తుంది.

పిల్లలూ, ఈ సెలవుల్లో అవ్వ దగ్గర కూర్చోండి. ఏ ఆకు, ఏ గాయానికి, ఎలా వాడారో అడిగి, ఆమె సరేనంటే ఆమె పేరుతోనే రాసుకోండి. రేపు మీలో ఒకరు ల్యాబులో ఆ బిళ్ళ పెట్టే రోజున, నోటుబుక్కులో మొదటి వరుస అవ్వ పేరే కావాలి.