కిడ్నీ స్టెమ్ సెల్స్: దెబ్బతిన్న కిడ్నీని లోపల రిపేర్ చేసేదెవరు.. ఇంజెక్షన్‌తో బాగవుతుందన్న మాటలో నిజమెంత?

ఐసీయూలో ఉన్న మనిషికి క్రియాటినిన్ ఒక్కసారిగా పెరిగింది, డయాలసిస్ పెట్టాలి.. డాక్టర్ నోటి నుంచి ఈ మాట రాగానే ఇంట్లోవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, ఇక జీవితాంతం ఇంతేనా అని. చాలా కేసుల్లో అంతే కాదు. ఒళ్లంతా పాకిన ఇన్‌ఫెక్షన్, వాంతులు విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గిపోవడం, రక్తపింజర కాటు, ఎవరినీ అడక్కుండా మింగిన నొప్పి మాత్రలు.. ఇలాంటి కారణాలతో గంటల్లో, రోజుల్లో కిడ్నీలు దెబ్బతినడాన్ని అక్యూట్ కిడ్నీ ఇంజ్యురీ అంటారు. ఆ కారణం తొలగితే చాలామందిలో కొన్ని వారాల్లో కిడ్నీలు మళ్లీ పనిలో పడతాయి, డయాలసిస్ ఆపేస్తారు.

ముందు చనిపోయేది గొట్టాల కణాలే

ఒక్కో కిడ్నీలో సగటున 10 లక్షల వరకు నెఫ్రాన్లు ఉంటాయి. నెఫ్రాన్ అంటే ఒక చిన్న జల్లెడ, దాని వెనకే పొడవాటి గొట్టం. రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవం జల్లెడ దాటి గొట్టాల్లోకి వస్తుంది. అందులో 99 శాతాన్ని గొట్టం గోడల్లోని కణాలు వెనక్కి లాగేస్తాయి. మిగిలిన లీటరున్నర, రెండు లీటర్లే మూత్రం. ఇంత చాకిరీకి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. అందుకే బీపీ బాగా పడిపోతే ముందు రాలిపోయేది ఈ కణాలే.

రాలిన చోట కొత్త కణాలు వస్తాయి. కానీ కొత్త నెఫ్రాన్ మాత్రం రాదు. తల్లి కడుపులో సుమారు 36 వారాలు నిండేసరికే వాటి తయారీ ఆగిపోతుంది. జీబ్రా ఫిష్ అనే చిన్న చేప కిడ్నీ దెబ్బతిన్నా కొత్త నెఫ్రాన్లు పుట్టించుకుంటుంది. మనకు ఆ వీలు లేదు.

ఇరవై ఏళ్ల వాదన

ఈ కొత్త కణాలు ఎక్కడివి? ఎముక మజ్జలోని మూలకణాలు రక్తంలో కొట్టుకొచ్చి కిడ్నీని అతుకుతాయని ఒకప్పుడు గట్టిగానే నమ్మారు. 2008లో హార్వర్డ్‌లో బెంజమిన్ హంఫ్రీస్, జోసెఫ్ బోన్‌వెంట్రే బృందం ఎలుకల మీద దీన్ని పరీక్షించింది. కిడ్నీ గొట్టాల కణాలకు జన్యువుల ద్వారా చెరగని గుర్తు వేసి, తర్వాత కిడ్నీని గాయపరిచారు. మానిన గొట్టాల్లోని కణాలకూ ఆ గుర్తే ఉంది. అంటే బయటి నుంచి ఎవరూ రాలేదు, రిపేర్ ఇంటివాళ్ల పనే.

ఇంటివాళ్లలో ఎవరు అన్న దగ్గర మళ్లీ పేచీ. ఇటలీలో 2005లో టురిన్, 2006లో ఫ్లోరెన్స్ పరిశోధకులు పెద్దల కిడ్నీల్లోనే మూలకణాల లక్షణాలున్న కణాలు దొరికాయని ప్రకటించారు. ప్రత్యేకమైన కణాలంటూ ఏమీ లేవు, బతికి బయటపడిన మామూలు కణాలే తాత్కాలికంగా లేత రూపంలోకి మారి, విభజన చెంది, మళ్లీ పాత పనిలోకి వెళ్తాయని ఎదుటి వర్గం అంటోంది. 2018లో ఫ్లోరెన్స్ బృందం ఇంకో మెలిక పెట్టింది. గాయం తర్వాత చాలా కణాలు అసలు రెండుగా చీలడమే లేదట, లావెక్కి పని నెట్టుకొస్తున్నాయట. నిజంగా పెరిగేవి కొద్దిపాటి ప్రత్యేక కణాలేనన్నది వాళ్ల మాట. ఈ పంచాయితీ ఇంకా తేలలేదు.

రిపేర్ మధ్యలో ఆగితే

పేషెంట్‌కు అసలు ముప్పు ఇక్కడుంది. గాయం పెద్దదైతే కొన్ని కణాలు విభజన మధ్యలోనే ఇరుక్కుపోతాయని, మచ్చ కట్టే సంకేతాలు పంపుతాయని బోన్‌వెంట్రే బృందమే 2010లో ఎలుకల్లో చూపించింది. మచ్చ కట్టిన చోట మళ్లీ నెఫ్రాన్ మొలవదు. ఉన్నవే ఎక్కువ పని చేసి లోటు కనిపించనివ్వవు. సుమారు సగం పనితనం పోయేదాకా క్రియాటినిన్ పెద్దగా పెరగకపోవచ్చు. రిపోర్ట్ నార్మల్, మనిషి నార్మల్.. కొన్నేళ్లకు దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు బయటపడుతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో దశాబ్దాలుగా ఊళ్లను పీడిస్తున్నది ఈ దీర్ఘకాలిక రకమే. అయితే అక్కడ కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు.

మరి స్టెమ్ సెల్ ఇంజెక్షన్లు?

కిడ్నీ జబ్బుకు ఆమోదం పొందిన స్టెమ్ సెల్ చికిత్స మన దేశంలో లేదు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధ వ్యాధులకు చేసే మూలకణ మార్పిడి తప్ప మిగతావన్నీ ప్రయోగ దశలోనివే. అనుమతి ఉన్న క్లినికల్ ట్రయల్‌లో తప్ప ఇవ్వకూడదు, ట్రయల్‌లో చేరిన పేషెంట్ దగ్గర డబ్బు తీసుకోకూడదు. లక్షలు అడుగుతున్నారంటే అక్కడే ఆగాలి. థాయ్‌లాండ్‌లో లూపస్‌తో కిడ్నీలు దెబ్బతిన్న ఓ మహిళకు ఆమె సొంత మూలకణాలనే కిడ్నీల్లోకి ఎక్కించారు. అవి బాగవ్వకపోగా లోపల అసాధారణ గడ్డలు పెరిగాయి. ఆమె ఆ తర్వాత చనిపోయారు. ఈ కేసు 2010లో వైద్య పత్రికలో వచ్చింది.

డిశ్చార్జ్ అయ్యాక చేయాల్సింది ఇంతకంటే చాలా చవక. మూడు నెలలకు ఒకసారి క్రియాటినిన్‌తో పాటు మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష తప్పకుండా చేయించాలి. మచ్చ కట్టడం మొదలైతే మూత్రంలో ఆల్బుమిన్ ముందే కనిపించే అవకాశం ఉంది. ఈలోపు మోకాళ్ల నొప్పికో, నడుం నొప్పికో మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు వేసుకోవద్దు. ఏ మందు రాయించుకున్నా, కిడ్నీకి ఒకసారి దెబ్బ తగిలిందన్న సంగతి ఆ డాక్టర్‌కు ముందే చెప్పాలి.