సూర్యలంక తీరం పొడవెంత?

సూర్యలంకలో నీరు వెనక్కి తీస్తోంది. తడి ఇసుక మీద, మీ పాదాల ముందే, సన్నని కాలువలు విచ్చుకుంటున్నాయి. వంగి చూడండి. ఒక పాయ రెండవుతోంది, ఆ రెండూ మళ్లీ చీలుతున్నాయి. చివరి పాయ వేలెడు కూడా లేదు, అయినా అదీ పెద్ద పాయలాగే చీలింది. ఫోన్‌లో ఉపగ్రహ పటం తెరిచి రేపల్లె దిగువకు, నిజాంపట్నం వైపు జరపండి. మడ అడవుల్లోకి చొచ్చుకొచ్చిన ఉప్పునీటి పాయలదీ ఇదే తీరు. ఎంత దగ్గరికి వెళ్లినా ఇంకో వంపు బయటపడుతూనే ఉంది.

మరి ఈ తీరం పొడవెంత? బ్రిటన్ తీరం గురించి బెన్వా మాండెల్‌బ్రాట్ 1967లో ఇదే అడిగాడు. కొలబద్ద చిన్నదయ్యేకొద్దీ పొడవు పెరుగుతుందన్నాడు. మన దగ్గరా అదే జరిగింది. ఆంధ్ర తీరం 974 కిలోమీటర్లని బడిలో చదువుకున్నాం. ఈమధ్య మరింత వివరమైన పటాలతో కొలిస్తే 1,053 తేలింది. వెనకటి కొలతకు అందని వంపులు ఇప్పుడు లెక్కలోకొచ్చాయి. ఇలాంటి ఆకారాలకు మాండెల్‌బ్రాట్ 1975లో ఫ్రాక్టల్ అని పేరు పెట్టాడు.

బాపట్లలో రైలెక్కి తెనాలిలో దిగారు. ఇప్పుడు కంప్యూటర్ ముందున్నారు. అలాంటి ఆకారాన్ని తెర మీద చూడటానికి కేయాస్ అనే ప్రోగ్రాం తెరవండి, దాని స్పెల్లింగ్ మాత్రం ఎక్స్‌తో మొదలవుతుంది. పక్కకు వాలిన హృదయాకారం, దాని ఎడమన అంటుకుని ఒక గుండ్రటి ముద్ద. మాండెల్‌బ్రాట్ సమితి ఇదే.

తెర మీద ప్రతి చుక్కా ఒక సంకీర్ణ సంఖ్య. సున్నాతో మొదలుపెట్టి, ఉన్నదాన్ని వర్గం చేసి ఆ సంఖ్య కలపాలి. వచ్చినదానికీ మళ్లీ అంతే. కాగితం మీద చేయండి. 1 తీసుకుంటే 1, 2, 5, 26 అంటూ పారిపోతుంది. మైనస్ 1 తీసుకుంటే మైనస్ 1, 0, మైనస్ 1, 0 అని అక్కడక్కడే తిరుగుతుంది. ఆ గుండ్రటి ముద్ద నడిబొడ్డున ఉన్నది ఆ మైనస్ ఒకటే. తిరిగేవన్నీ నలుపు. పారిపోయేవి ఎన్ని అడుగుల్లో 2 దాటాయో చూసి రంగు.

హృదయానికీ ముద్దకీ మధ్య సందులో మౌస్ ఎడమ బటన్ నొక్కి పట్టుకోండి. లోపలికి జారుతున్నారు. సముద్రపు గుర్రాల తోకల్లా చుట్టలు, ఆ చుట్టల మీద మళ్లీ చుట్టలు. అడుగున ఎక్కడో పిసరంత హృదయం మళ్లీ ప్రత్యక్షం! ఈ క్షణం ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఇంకా లోతుకు పోతే అంచులు మొద్దుబారి నల్లగా ముద్దకడతాయి. కంగారుపడకండి, లెక్క త్వరగా ఆగిపోతోందంతే. గరిష్ఠ అడుగుల సంఖ్య వందల నుంచి వేలకు పెంచండి. నలుపు విడిపోయి పోగులు పోగులుగా తేలుతుంది.

ఇక ఆగండి. సూత్రం అందరిదీ. ఎక్కడ ఆగారు, చట్రంలో ఏం ఉంచి ఏం వదిలారు, ఏ రంగులు వేశారు అన్నది మాత్రం మీది. చాలామంది ఊదా, నిప్పురంగు కలిపి మెరిపించి ఊరుకుంటారు, ఆ మెరుపులో లోతు మునిగిపోతుంది. మీరు ఆ రంగులు తీసేయండి. మడ ఆకు ముదురు పచ్చ, బురద బూడిద, పొద్దున చూసిన తడి ఇసుక వేయండి. చుట్టల మధ్య దూరం ఇప్పుడు కంటికి తెలుస్తోంది.

ఈ ప్రోగ్రాం ఉచితం, మామూలు కంప్యూటర్ చాలు. తెనాలి, బాపట్ల, రేపల్లె కాలేజీల లెక్కల మాస్టార్లూ, ఇంటర్ పిల్లలకు సంకీర్ణ సంఖ్యలు మొదలుపెట్టే రోజున ఒక్క గంట ఈ తెర చూపించండి.