"నొప్పి ఉండదు" అని బోర్డు పెట్టినప్పుడల్లా ఏం జరిగింది? మొహం మీది వెంట్రుకలు, లేజరు, మత్తు

మాది ముద్దనూరు. ఎక్కడుందో తెలీకపోతే ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడింటి మధ్యలో వేలు పెట్టండి, అక్కడే. థర్మల్ పవర్ స్టేషన్ పక్కనే అంటే ఎక్కువమందికి వెలుగుతుంది.

ఈరోజు టాపిక్ చెప్తే కొంతమంది నవ్వుతారు. కొంతమంది ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, ఇంట్లో ఎవరూ చూడకుండా వింటారు. ఆ రెండో రకం వాళ్ల కోసమే ఈ ఎపిసోడ్. మొహం మీద వెంట్రుకలు తీయించుకోడానికి లేజర్‌కి పోతే వచ్చే నొప్పి, దాన్ని తట్టుకోడానికి మనుషులు ఇన్నాళ్లూ చేసిన పనులు, ఆ పనుల్లో కొన్ని ప్రాణం మీదికి తెచ్చిన కథ.

ఎవరు పోతారు లేజర్‌కి? పీసీఓఎస్ వల్ల గడ్డం దగ్గర వెంట్రుకలు గట్టిపడిన అమ్మాయిలు. పెళ్లిచూపులకి ముందు అమ్మ చెవిలో గుసగుసగా చెప్తే ప్రొద్దుటూరో, కడపో, బెంగళూరో పోయే అమ్మాయిలు. ట్రాన్స్ మహిళలు, వాళ్లకి ఇది అందం విషయం మాత్రమే కాదు, బస్సులో పక్క సీటువాడు ఎట్లా చూస్తాడనే విషయం. గీసిన ప్రతిసారీ గడ్డం కింద గడ్డలు లేచే అబ్బాయిలు కూడా ఉంటారు, వాళ్లు అస్సలు చెప్పరు. వీళ్లందరికీ రెండే మాటలు వినపడతాయి. క్లినిక్ బోర్డు మీద "నొప్పి ఉండదు". ఇంట్లో "ఓర్చుకో". నా లెక్కలో రెండూ తప్పే. ఎందుకో చరిత్ర చెప్తుంది.

బాగా వెనక్కి పోదాం. సుశ్రుత సంహితలో వెంట్రుకలు రాలగొట్టే లేపనం ఉంది. శంఖం పొడి, హరితాళం, పులిసిన ద్రవంలో కలిపి పూయడం. హరితాళం అంటే ఆర్సెనిక్ ఉన్న పసుపచ్చ ఖనిజం, కాబట్టి ఎవరూ ఇంట్లో ట్రై చేయొద్దు, ప్లీజ్. ఇందులో విశేషం ఏందంటే, అది అందం కోసం చెప్పింది కాదు. పుండు మానాలంటే చుట్టూ వెంట్రుకలు అడ్డం, అందుకని. ఈ కథ మొత్తంలో ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. వెంట్రుకలు తీసే పద్ధతుల్లో కొన్ని ఏదో వైద్యం కోసం మొదలై, తర్వాత మన అద్దం ముందుకొచ్చాయి.

మన ఇళ్లల్లో అయితే సున్నిపిండి, పసుపు, నలుగు. చంటిపిల్లలకి శనగపిండితో రుద్ది రుద్ది, వాళ్లు ఏడుస్తుంటే "కాసేపే బంగారూ" అనడం. నొప్పికి మన దగ్గర ఉన్న మొట్టమొదటి మందు ఆ మాటే. దీనికి ఇంకో ఉదాహరణ ఉంది, నాకు చానా ఇష్టం. ఎడ్గర్ థర్‌స్టన్ అని మద్రాస్ మ్యూజియం సూపరింటెండెంట్, దక్షిణ భారతంలో కులాలు, తెగల గురించి 1909లో ఏడు సంపుటాలు వేశాడు. అందులో చానా రాతలు ఈరోజు చదివితే ఒళ్లు మండుతుంది, ఆ విషయం ఇంకో ఎపిసోడ్‌కి. కానీ కొరవ వాళ్ల గురించి రాసిన చోట (మన దగ్గర ఎరుకల అంటాం), పచ్చబొట్టు పొడిచే ఆడవాళ్లు పొడిపించుకునేవాళ్ల నొప్పి మరిపించడానికి పాటలు పాడేవాళ్లని ఉంది. సూది గుచ్చుతూ, బుజ్జగిస్తూ పాట.

ఇదేదో పల్లెటూరి మూఢత్వం అనుకుంటే, 1965కి రండి. రోనాల్డ్ మెల్జాక్, ప్యాట్రిక్ వాల్ అని ఇద్దరు శాస్త్రవేత్తలు "గేట్ కంట్రోల్" అనే సిద్ధాంతం పెట్టారు. దెబ్బ సమాచారం మెదడుకి నేరుగా పోదు, వెన్నుపాములో ఒక గేటులాంటిది ఉంటుంది, పక్కనే రుద్దినా తాకినా ఆ గేటు కొంచెం మూసుకుంటుంది, మెదడు కూడా పైనుంచి దాన్ని మూయగలదు అని. వివరాల్లో తర్వాత మార్పులు వచ్చాయి గానీ, అసలు ఐడియా నిలబడింది. మోకాలికి దెబ్బ తగిలితే వెంటనే రుద్దుకుంటాం చూడండి, అదే. ఈరోజు కొన్ని క్లినిక్కుల్లో లేజర్ కొట్టే చోటు పక్కనే చిన్న వైబ్రేటర్ పెడతారు. అదీ ఇదే లెక్క. ఎరుకల అవ్వ పాటకి మిషన్ బిగించారు, అంతే.

ఇప్పుడు కరెంటు. 1875లో అమెరికా సెయింట్ లూయిస్‌లో చార్లెస్ మిషెల్ అనే కంటి డాక్టరు, రెప్ప వెంట్రుకలు లోపలికి తిరిగి కన్ను గీరుకుపోయే జబ్బుకి ఒక పద్ధతి రాశాడు. సన్నని సూది వెంట్రుక కుదురులోకి దించి, బ్యాటరీ కరెంటు పంపడం. చూడండి, ఇదీ వైద్యమే. ఎలక్ట్రోలిసిస్ అంటే అదే. ఒక్కో వెంట్రుకకి ఒక్కో సూది. పై పెదవి మీద ఎన్ని ఉంటాయో లెక్కేసుకోండి. పనిచేస్తుంది, శాశ్వతం, కానీ నొప్పి, టైమూ రెండూ ఎక్కువే.

కాబట్టి "నొప్పి లేకుండా" అన్న మాటకి మార్కెట్ రెడీగా ఉంది. 1895 చివర్లో రాంట్‌జన్ ఎక్స్‌రే కనుక్కున్నాడు. మరుసటి సంవత్సరమే వియన్నాలో లియోపోల్డ్ ఫ్రాయిండ్ అనే డాక్టరు, వీపంతా వెంట్రుకల పుట్టుమచ్చ ఉన్న చిన్నపాపకి ఎక్స్‌రే కొట్టాడు. వెంట్రుకలు రాలిపోయాయి. కొట్టేటప్పుడు ఏమీ తెలీదు. తర్వాత ఆ చర్మం పుండైంది. ఆ రెండో సగం వినకుండా మొదటి సగం పట్టుకుని వ్యాపారం మొదలైంది. 1920లలో అమెరికాలో ట్రైకో అని ఒక పద్ధతి, ఆల్బర్ట్ గైసర్ అనే డాక్టరు పెట్టింది. బ్యూటీ పార్లర్లలో మిషన్లు. అమ్మాయి పెట్టె ముందు బుగ్గ ఆనించి కూర్చుంటే చాలు. కోత లేదు, సూది లేదు, నొప్పి లేదు. వేలమంది ఆడవాళ్లు పోయారు. 1929లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ దాన్ని తప్పుపట్టింది. 1930ల మొదట్లో కంపెనీ మూతపడింది. కానీ ముడతలు, మచ్చలు, పుండ్లు, కొంతమందికి క్యాన్సర్లు ఏళ్ల తర్వాత వచ్చాయి.

అదే కాలంలో కోరెమ్లూ అని ఒక క్రీము. అందులో థాలియం. ఎలుకల మందులో వాడిన విషం. పూసుకుంటే వెంట్రుకలు రాలతాయి, మొహం మీదివే కాదు, తల మీదివి కూడా. నరాలు దెబ్బతిన్నాయి, చూపు పోయింది కొందరికి. దావాలు పడి కంపెనీ 1932లో దివాలా తీసింది. అంటే, నొప్పి తెలీని ఈ పద్ధతులు రెండూ మనుషుల్ని నాశనం చేశాయి. నొప్పి మంచిదని నేను అనట్లేదు. నొప్పి ఒక ఎర్రర్ మెసేజ్. పాత ఉద్యోగం భాషలో చెప్పాలంటే, ఆ పార్లర్లు బగ్ తీయలేదు, లాగ్ ఆఫ్ చేశాయి.

ఇంక "ఓర్చుకో" వైపు వద్దాం. దీనికి మన హైదరాబాదే పెద్ద సాక్ష్యం. 1846లో ఈథర్, 1847లో క్లోరోఫామ్ వచ్చాయి. అప్పటిదాకా కోత అంటే నలుగురు పట్టుకోవడమే. క్లోరోఫామ్‌తో నొప్పి పోయింది, కానీ అప్పుడప్పుడూ మనిషి బల్ల మీదే పోయేవాడు. ఎందుకు? గుండె ఆగా, ఊపిరి ఆగా? ఇంగ్లండులో పెద్ద గొడవ. హైదరాబాద్‌లో రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ మటుకు ఊపిరి చూసుకుంటే చాలు అని మొండిగా నమ్మాడు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ డబ్బిచ్చాడు. 1888లో మొదటి హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్. లండన్‌లో నమ్మలేదు. 1889లో రెండోది, దానికి లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ ఓడెక్కి వచ్చాడు. వందల జంతువుల మీద ప్రయోగాలు. లారీదే రైట్ అని తేల్చారు.

తర్వాత 1911లో గుడ్‌మన్ లెవీ అనే ఆయన, క్లోరోఫామ్ గుండెని నేరుగా కూడా ఆపగలదని చూపించాడు. అంటే హైదరాబాద్ తీర్పు సగమే నిజం. కానీ ఒకటి మాత్రం నిలబడింది, మత్తు ఇచ్చాక మనిషిని వదిలిపెట్టి పోకూడదు, పక్కన కూర్చుని చూస్తూనే ఉండాలి అని. ఆ పని చేసినవాళ్లలో హైదరాబాద్ మెడికల్ స్కూల్లో 1885లో చేరిన పార్సీ అమ్మాయి ఒకరు, పేరు రూపాబాయి ఫర్దూన్‌జీ. ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టర్ ఆమేనని చానామంది అంటారు. 1909లో ఎడిన్‌బరోకి పోయి ఇంకా చదువుకుంది. మన స్కూలు పుస్తకాల్లో నేనైతే ఆమె పేరు ఎప్పుడూ చూడలేదు.

ఇక చర్మం మీద మత్తు. 1943లో స్వీడన్‌లో నీల్స్ లోఫ్‌గ్రెన్ లిడోకైన్ తయారుచేశాడు, ఆయన దగ్గర పనిచేసే బెంగ్ట్ లుండ్‌క్విస్ట్ తన మీదే ఇంజెక్షన్ వేసుకుని టెస్ట్ చేశాడు. 1948కి మార్కెట్‌లోకి వచ్చింది. పంటి డాక్టరు దగ్గర చిగురు మొద్దుబారుతుంది చూడండి, అదే మందు. కానీ చర్మం మీద పూస్తే లోపలికి దిగదు. 1980ల మొదట్లో స్వీడన్ వాళ్లే ఒక చిట్కా కనుక్కున్నారు. లిడోకైన్, ప్రిలోకైన్ రెండూ పొడులే, సమానంగా కలిపితే మామూలు వేడిలోనే కరిగి నూనె అవుతాయి. ఆ నూనె చర్మంలోకి దిగుతుంది. ఇప్పుడు లేజర్‌కి ముందు గంటసేపు పూసి పెట్టే క్రీము అదే రకం.

ఇక్కడే ఆగి వినండి. 2007 ఫిబ్రవరిలో అమెరికా ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక ఇచ్చింది. ఇద్దరు అమ్మాయిలు, ఒకరికి 22, ఒకరికి 25 ఏళ్లు. లేజర్ నొప్పి తగ్గాలని కాళ్లకి మత్తు క్రీము పూసుకుని, చెప్పినట్టే పైన ప్లాస్టిక్ చుట్టుకున్నారు. ఫార్మసీలో కలిపిన చానా ఘాటైన మందు. ఎక్కువ చోట పూయడం, ప్లాస్టిక్ వేడికి ఇంకా లోపలికి దిగడంతో మందు రక్తంలోకి పోయింది. ఫిట్స్, కోమా, ఇద్దరూ చనిపోయారు. వాళ్లు చేసిన తప్పేమీ లేదు, నొప్పికి భయపడ్డారు, అంతే. కానీ పక్కన కూర్చుని ఊపిరి చూసే రూపాబాయి లేదు. కాబట్టి క్రీము తెప్పించుకుని మీరే దట్టంగా పూసుకుని కవరు చుట్టుకోవద్దు. ఎంత, ఎంతసేపు, ఎంత చోట అనేది స్కిన్ డాక్టర్ చెప్పాలి.

లేజర్ కథ త్వరగా చెప్తా. 1960 మేలో థియోడోర్ మైమన్ రూబీ లేజర్. 1960ల మొదట్లోనే లియాన్ గోల్డ్‌మన్ చర్మం మీద ప్రయోగాలు. 1983లో రాక్స్ ఆండర్సన్, జాన్ ప్యారిష్ అసలు సూత్రం రాశారు: సరైన రంగు కాంతి, సరైన సమయం పాటు కొడితే, మనకి కావాల్సిన నల్లరంగే వేడెక్కుతుంది, చుట్టుపక్కల మిగులుతుంది. 1990ల మధ్యలో వెంట్రుకలకి వాడారు. మొదట పనికొచ్చింది తెల్ల చర్మం, నల్ల వెంట్రుకలు ఉన్నవాళ్లకే. మన దగ్గర చర్మంలో కూడా ఆ నల్లరంగు ఉంది. లేజర్‌కి వెంట్రుక ఏదో, చర్మం ఏదో గుర్తుపట్టడం కష్టం. అందుకే మనకి నొప్పీ ఎక్కువ, కాలే ప్రమాదమూ ఎక్కువ. 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ రకం చర్మం పైరంగుని తక్కువ పట్టించుకుని లోతుకి పోతుంది, నల్లచర్మానికి అది క్షేమం, కాకపోతే నొప్పి కొంచెం ఎక్కువే. "నొప్పి ఉండదు" అన్న బోర్డు కింద ఏ మిషన్ ఉందో అడగండి.

నొప్పి ఎట్లుంటుంది? రబ్బర్ బ్యాండు సాగదీసి చర్మం మీద వదిలినట్టు, దాంతోపాటు చిన్న చురుకు. పై పెదవి దగ్గర కళ్లలో నీళ్లు వస్తాయి, ఏడుపు కాదు, అక్కడ నరాలు అట్లాంటివి. చలవ చేసే స్ప్రే ఒకటి ఉంటుంది, కొట్టే ముందు క్షణంలో పైచర్మాన్ని చల్లబరిచేది. అది 1990లలో కాలిఫోర్నియాలోని ఇర్వైన్‌లో, పుట్టుకతో ఎర్రమచ్చ ఉన్నవాళ్ల లేజర్ వైద్యం కోసం చేసింది. మళ్లీ వైద్యమే.

పోయే ముందు రోజు గీసుకుని పోండి, పైన వెంట్రుక మిగిలితే అదే కాలి చర్మాన్ని కాలుస్తుంది. త్రెడింగ్, వ్యాక్సింగ్ మాత్రం కొన్ని వారాల ముందే ఆపాలి, కుదురు ఉంటేనే లేజర్‌కి పట్టు. ట్రాన్స్ మహిళలకి ఇది ఇంకా కష్టం. హిజ్రా సముదాయాల్లో చిమటాతో పీక్కోవడం ఎప్పట్నుంచో ఉన్న అలవాటు, హైదరాబాద్ హిజ్రాల మీద గాయత్రి రెడ్డి 2005లో వేసిన పుస్తకంలో కూడా ఉంటుంది. పీకడం ఆపి, గీసుకుంటూ వారాల పాటు బయట తిరగమంటే, అది వేరే రకం నొప్పి, దానికి క్రీము లేదు.

మన ఎండ సంగతి చెప్పక్కర్లేదు. నల్లబడిన మొహంతో పోతే కాలుతుంది, కొట్టించుకుని మధ్యాహ్నం బస్సుకి నిలబడితే మచ్చలు పడతాయి. పొద్దున అపాయింట్‌మెంట్ తీసుకోండి, చున్నీయో కర్చీఫో కప్పుకోండి. కొడుతున్నప్పుడు చురుకు మామూలుకంటే ఎక్కువై, ఆగాక కూడా మంట తగ్గకపోతే నోరు తెరిచి ఆపమని చెప్పండి. సెట్టింగ్ మార్చడం వాళ్ల పని. డబ్బు కట్టాం కదా అని పళ్లు బిగబట్టొద్దు. పీసీఓఎస్ ఉంటే ముందు హార్మోన్ల డాక్టర్‌ని కలవండి, లేకపోతే తీసినవి తీసినట్టే మళ్లీ వస్తాయి, కొంతమందికి లేజర్ వల్లే చుట్టుపక్కల కొత్తవి రావడం కూడా డాక్టర్లు చూశారు.

తెల్ల వెంట్రుకలు మొదలైనవాళ్లకి లేజర్ పనిచేయదు, పట్టుకోడానికి రంగు లేదు కాబట్టి. వాళ్లకి ఇప్పటికీ దారి ఒక్కటే, 1875 నాటి మిషెల్ సూది. దాని గురించి వచ్చే ఎపిసోడ్‌లో.