ఆదేశము: వ్యాకరణమునందు, రసాయనమునందు

'వాడు కొట్టె' అనునది 'వాడు గొట్టె' అగుట తెలుగు వ్యాకరణము చదివినవారందరు ఎరిగినదే. ఒక వర్ణము తొలగగా దాని చోట వేరొకటి నిలుచుటయే ఆదేశము. ఇంగ్లీషులోని 'సబ్‌స్టిట్యూట్' అను మాటకు మూలమైన లాటిను క్రియకును ఒకదాని బదులు మరియొకటి నిలుపుట అనియే అర్థము. దీని వాడుకలో ఒక మెలిక కలదు. 'సబ్‌స్టిట్యూట్' అను క్రియకు వచ్చునది కర్మ; 'రిప్లేస్' అను క్రియకు పోవునది కర్మ. ఇంగ్లీషువారే అప్పుడప్పుడు తడబడుదురు.

వచ్చినది పోయినదాని చోటును మాత్రమే తీసికొనునా, దాని పనిని కూడ చేయునా? వర్ణము నాశ్రయించిన కార్యములందు తప్ప ఆదేశము పూర్వపుదానివలెనే ప్రవర్తించునని పాణిని తేల్చి చెప్పెను. రసాయనజ్ఞులకు అట్టి సూత్రమేదియు లేకపోయెను.

పారిసు రాజభవనములో ఒక విందునాడు క్రొవ్వొత్తుల పొగకు అతిథులు ఉక్కిరిబిక్కిరి అయిరట. మైనమును తెల్లబరచుటకు వాడిన క్లోరిన్ అందులోనే నిలిచిపోయినదని డ్యూమా కనుగొనెనని చెప్పుదురు. 1834లో ఆయన, ఉదజని పరమాణువు ఒకటి పోయిన చోట క్లోరిన్ పరమాణువు ఒకటి చేరుచున్నదని లెక్క తేల్చెను. క్లోరిన్ ఉదజని పనిని కూడ చేయునని లొరాన్ అనగా, తాను అంతదూరము పోలేదని డ్యూమా మొదట తప్పుకొనెను. ఘనత మాత్రము తరువాత ఆయనకే ఎక్కువ దక్కినది; ఇది న్యాయము కాదు.

స్వీడనులోని బెర్జీలియస్ దీనిని ఒప్పుకొనలేదు. ఉదజని ధనవిద్యుత్తు కలది, క్లోరిన్ ఋణవిద్యుత్తు కలది. ఒకదాని పీఠముపై రెండవది ఎట్లు కూర్చుండును? ఒప్పుకొన్నచో ఆయన జీవితకాలమంతయు కట్టిన విద్యుద్రసాయన సిద్ధాంతమే కూలును. 1840లో ఒక జర్మను పత్రికలో పరిహాసలేఖ వెలువడెను: ఒక లవణములోని పరమాణువులన్నిటిని క్లోరిన్‌తో మార్చగా గుణము చెడలేదనియు, లండనులో క్లోరిన్ నూలు బట్టలు అమ్ముచున్నారనియు అందులో కలదు. వ్రాసినవాడు వోలర్, క్రింది సంతకమును కలిపి చదివిన జర్మనులో 'మోసగాడు' అని వచ్చును!

అప్పటికే 1839లో డ్యూమా సిర్కాలోని ఆమ్లమునందు మూడు ఉదజనుల చోట మూడు క్లోరిన్‌లను నిలిపి చూపియుండెను. వచ్చినదియు ఆమ్లమే. 1842లో మెల్సన్స్ పొటాసియము కలిపిన పాదరసముతో క్లోరిన్‌లను వెడలగొట్టి మరల సిర్కా ఆమ్లమును రప్పించెను. చోటు చెక్కుచెదరలేదు. అయినను క్లోరిన్ తన స్వభావమును విడువలేదు: ఎలక్ట్రానులను తనవైపు లాగుకొనుటచే, క్రొత్త ఆమ్లము పాతదానికంటె సుమారు 10,000 రెట్లు బలమైనది.