నీటిబాతుల రాకడ - వేటగాండ్ర తేదీలు

హైదరాబాదు నగరానికి తూర్పున, దిల్‌సుఖ్‌నగరుకూ ఎల్.బి. నగరుకూ నడుమ సరూర్‌నగర్ చెరువు ఉన్నది. 1626లో కట్టినట్లు చెప్పే ఈ చెరువు చుట్టూ నేడు ఇండ్లు, దుకాణాలు, బస్సుల రొద. పూర్వం ఈ దిక్కు వేటకు పేరుపడినది. వనస్థలిపురంలో 1975లో హరిణ వనస్థలిగా మారిన అడవి అంతకుముందు నిజాములు కృష్ణజింకలను వేటాడిన భూమి. జింక ఏడాది పొడుగునా అక్కడే ఉంటుంది. వేటగాడు తనకు తీరికైనప్పుడు పోవచ్చును. చెరువులోని బాతు సంగతి అట్లా కాదు. అది చలికాలపు అతిథి. అది వచ్చే దినం తెలియకపోతే తుపాకి మోసిన శ్రమే మిగులుతుంది. అందుచేత వలసపక్షులు ఎప్పుడు వస్తవి అన్న ప్రశ్నను మన దేశంలో పట్టుదలగా అడిగినవారిలో వేటగాండ్రు ముందు వరుసలో ఉన్నారు.

చెరువుకు వచ్చే బాతులు రెండు తెగలు. ఒక తెగ నీటిమీద తేలుతూ, తల మాత్రం ముంచి మేస్తుంది. రెండవ తెగ పూర్తిగా మునిగి, అడుగున ఉండే నాచు, దుంపలు, నత్తలు తింటుంది. పోచార్డులు, నల్ల చిలువ ఈ రెండవ తెగవి. నల్ల చిలువ మగపక్షి ఒళ్లంతా నలుపు, పక్కలు తెలుపు, కన్ను పసుపు, తల వెనుక చిన్న పిలక. ఈ తెలుగు పేరును తన పక్షిశాస్త్ర గ్రంథంలో వ్రాసిపెట్టినవాడు థామస్ జెర్డన్. నెల్లూరులో ప్రభుత్వ వైద్యుడుగా పనిచేసిన ఈ ఆంగ్లేయుడు పక్షులకు స్థానికులు పిలిచే పేర్లు కూడ పోగుచేశాడు. 1862-64 సంవత్సరాలలో అచ్చయిన ఆ గ్రంథం లేకపోతే అటువంటి పేర్లు కొన్ని మనకు దక్కేవి కావేమో.

మునిగే బాతుకు కాళ్లు బాగా వెనుకకు ఉంటవి. నీటిలో ఈదడానికి అవి తెడ్లవంటివి. ఎగరడానికి మాత్రం అడ్డు. చిన్నబాతు ఉన్నచోటినుంచి నిట్టనిలువుగా లేస్తుంది. పోచార్డు నీటిమీద కొంతదూరం పరుగెత్తితేగాని లేవలేదు. అందుకే పగలు అది గట్టుకు దూరంగా, చెరువు నట్టనడుమ గుంపుగా విశ్రమిస్తుంది. తుపాకి గుండ్లు నలభై గజాలు దాటితే పెద్దగా పనిచేయవు. పెద్ద చెరువులో ఆ గుంపును చేరడానికి పడవ కావాలె, లేదా వేకువజామున పొంచి ఉండాలె.

ఇక రాకడ. గార్గనీ అనే చిన్నబాతు అందరికంటె ముందు, ఆగస్టు చివరనుంచే దిగుతుంది. పోచార్డులు అక్టోబరు సగం గడిస్తేగాని దక్కనులో కనబడవు. నవంబరులో పెరిగి, మార్చి, ఏప్రిలు నెలల్లో మరలిపోతవి. ఈ ఆలస్యానికి కారణం వాటి జన్మభూమిలో ఉన్నది. పిల్లలను లేపిన తరువాత బాతులు రెక్కల ఈకలన్నీ ఒకేసారి రాల్చుకొని మూడు నాలుగు వారాలు ఎగరలేకుండా ఉంటవి. కొత్త ఈకలు వచ్చి, కొవ్వు పట్టితేగాని ప్రయాణం లేదు. ఈ సన్నాహానికి పక్షి గడియారం చలి కాదు, పగటి నిడివి. కెనడాలోని ఎడ్మంటన్ నగరంలో విలియం రోవన్ 1920 దశకంలో చిన్న పక్షులను గడ్డకట్టే చలిలో ఉంచి, దీపాలతో పగలు పొడిగించాడు. చలిని లెక్కచేయక వాటి సంతానావయవాలు వసంతంలోవలె పెరిగినవి. కాని సన్నాహం వేరు, బయలుదేరడం వేరు. లోతునీటిలో మునిగి మేసే బాతు ఆ నీరు గడ్డకట్టేదాకా ఓపిక పట్టగలదు.

దక్కనులో ఇంకొక గడియారం కూడ ఉన్నది; అది చెరువు. వానలు బాగా పడి, చెరువు నిండి, అడుగున నాచు పెరిగితే మునిగే బాతుకు మేత. వాన లేని ఏడు ఉత్తరాన ఎంత చలి ఉన్నా ఇక్కడి గుంటలో బాతు నిలవదు. తాబి పంటకు తూము ఎత్తి నీరు వదిలితే లోతు తగ్గుతుంది. తలముంచి మేసే బాతులు బురద అంచున మిగులుతవి, మునిగేవి లోతైన జలాశయం వెతుక్కొంటవి. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ముంచిన తరువాత కట్టిన ఉస్మాన్ సాగర్ (1920), హిమాయత్ సాగర్ (1927) అటువంటి జలాశయాలే. నగర రక్షణకు కట్టిన ఆనకట్టలు పోచార్డులకు కూడ వసతి అయినవి. ఇంజనీర్లు దీన్ని ఊహించి ఉండరు.

వేటగాండ్ర పుస్తకాలలో ఇదంతా తేదీలతో దొరకవలసినది. 1879-81లో అచ్చయిన హ్యూం, మార్షల్‌ల గ్రంథానికి దేశం నలుమూలలనుంచి వేటగాండ్రు వ్రాసిన లేఖలు ఆధారం. కాని ఆ లెక్కలో ఒక లొసుగు ఉన్నది. వేట పుస్తకంలోని తేదీ పక్షి వచ్చిన తేదీ కాదు, తుపాకి వచ్చిన తేదీ. అధికారులు క్రిస్మస్ సెలవులలో గుడారాలు వేస్తే డిసెంబరే బాతుల నెలగా కనబడుతుంది. రాజస్థానంలోని భరత్‌పూరులో 1938 నవంబరు 12న వైస్రాయి లిన్‌లిత్‌గో వచ్చిన వేటలో ఒక్క దినాన 4,273 పక్షులు కూలినవి. నవంబరు రెండవ వారానికే అంత దండు చేరిందని దానివల్ల తెలుస్తుంది. మొదటి పక్షి ఎన్నడు దిగిందో తెలియదు. చూసి, కాల్చకుండా వదిలిన పక్షి ఏ పద్దులోనూ లేదు.

నిజాం రాజ్యంలో 1931లో సాలిం అలీ ప్రారంభించిన పక్షి సర్వే ఈ లోపాన్ని కొంత తీర్చింది. ఆయనా చిన్నతనంలో తుపాకి పట్టినవాడే. సర్వేలో కూడ నమూనాలకు తుపాకి తప్పలేదు. అయితే ఏ పక్షి, ఏ ఊరు, ఏ తేదీ అన్నది క్రమంగా వ్రాయడం అక్కడ ముఖ్యం. ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్నకు మాత్రం తుపాకి చాలదు, ఉంగరం కావాలె. 1899లో డెన్మార్కు ఉపాధ్యాయుడు మార్టెన్సన్ పక్షికాలికి అంకె గల అల్యూమినియం ఉంగరం తొడిగాడు. మన దేశంలో 1926 ప్రాంతంలో ధార్ మహారాజు సహాయంతోనూ, 1959 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో పెద్ద ఎత్తునా బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం ఈ పని చేసింది. ఇక్కడ తొడిగిన ఉంగరాలు సైబీరియా, కజకస్థాన్‌లలో దొరికినవి. చిత్రమేమంటే, వాటిలో చాలా భాగం తెచ్చి ఇచ్చినది అక్కడి వేటగాండ్రే.

1972 వన్యప్రాణి చట్టం, దానికి 1991లో చేసిన సవరణ మన దేశంలో ఈ వేటను ముగించినవి. వేటతోబాటు వేటగాండ్ర తేదీలూ ఆగినవి. ఎర్రతల పోచార్డును 2015లో ప్రపంచ స్థాయిలో ముప్పుకు గురైన జాతుల జాబితాలో చేర్చారు. అది దక్కనుకు ఇప్పుడు ఆలస్యంగా వస్తున్నదా, లేక తక్కువగా వస్తున్నదా అని తేల్చాలంటే పాత అక్టోబరు, నవంబరు నెలల లెక్కలు కావాలె. 1987 నుంచి ఆసియా నీటిపక్షుల గణన ఏటేటా జరుగుతున్నది. అది జనవరిలో జరుగుతుంది. అప్పటికి బాతులు వచ్చి రెండు నెలలు దాటుతుంది.