ఐదవ స్థానపు మిథైల్
పొగాకు పొగలో క్యాన్సర్ కారకాలేవో గుర్తించడం ఒక ఎత్తు, అవి కారకాలు ఎందుకయ్యాయో చెప్పడం మరొక ఎత్తు. ఎర్నెస్ట్ వైండర్ 1969లో న్యూయార్కులో నెలకొల్పిన అమెరికన్ హెల్త్ ఫౌండేషన్‌లో డీట్రిక్ హాఫ్‌మన్, స్టీఫెన్ హెక్ట్ ప్రభృతులు తలకెత్తుకున్నది ఈ రెండవ ప్రశ్ననే.

నాలుగు బెంజీన్ వలయాలు అతుక్కున్న హైడ్రోకార్బన్ క్రైసీన్. దానిపై ఒక మిథైల్ సమూహాన్ని ఆరు చోట్ల నిలపవచ్చు. ఆరింటి అణుభారమూ ఒక్కటే. చిట్టెలుకల చర్మంపై జరిపిన పరీక్షల్లో (ఫలితాలు 1974లో వెలువడ్డాయి) ఐదవ స్థానంలో మిథైల్ ఉన్నదే బలమైన క్యాన్సర్ కారకంగా తేలింది. తక్కిన అయిదూ దాని దరిదాపులకు రాలేదు. అంటే పొగలోని మిథైల్‌క్రైసీన్లను కలగలిపి తూచే లెక్క ప్రమాదాన్ని పట్టివ్వదు.

కారణం అణువు అంచున ఉన్న వంపులో ఉంది. రసాయనవేత్తలు దాన్ని అఖాతమంటారు, చక్కని పేరే. నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో డొనాల్డ్ జెరీనా 1970లలో వివరించినట్లు, నీటిలో కరగని ఇటువంటి అణువును వదిలించుకోవడానికి దేహంలోని ఎంజైములు దానికి ఆక్సిజన్ చేరుస్తాయి. ఆ క్రమంలో అఖాతపు ఒడ్డున ఏర్పడే ఎపాక్సైడు డి.ఎన్.ఏ.కు అంటుకుంటుంది. ఐదవ స్థానం సరిగ్గా ఆ అఖాతంలోనిదే.

రెండవ మిథైల్‌ను పదకొండవ స్థానంలో చేర్చినా అణువు తీవ్రత నిలిచే ఉంది. పన్నెండులో చేర్చితే పోయింది: ఎంజైము మొదట పనిచేయవలసిన వలయానికి అది అడ్డు నిలుస్తుంది.